ఎత్తు పెంచి కట్టే కొత్త గది రెవిట్ మోడల్‌లో కుదరనప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి, మళ్లింపు కాలువకు గండ్లు పడి, విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. ఆ వరద తరువాత చిన్న చిన్న డిజైన్ ఆఫీసులకు ఒక కొత్త రకం పని రావడం మొదలయింది. పాత ఇల్లు పడగొట్టి మళ్ళీ కట్టుకునే స్తోమత యజమానికి ఉండదు; అందుచేత పక్కనో వెనుకనో ఉన్న ఖాళీ జాగాలో, గోడ మీది నీటి మరక కన్నా పైకి గచ్చు వచ్చేటట్టు ఒక గది కలపమని అడుగుతారు. మళ్ళీ నీళ్ళు వస్తే ఇంట్లోని పెద్దవాళ్ళు, మంచం, బీరువా, దస్తావేజులు ఆ గదిలోకి చేరాలన్నది వారి కోరిక.

కాగితం మీద ఇది ఒక గది పనిగానే కనిపిస్తుంది గాని, రెవిట్‌లో (ఇంటి త్రీడీ నమూనా చేసి, దాని నుండి డ్రాయింగులు తీసే సాఫ్ట్‌వేర్‌లో) మోడల్ చేయబోతే వరుసగా చిక్కులు వస్తాయి. గది పాత గచ్చు మీదికి జారుతుంది, కిటికీలు ప్లాన్‌లో మాయమవుతాయి, గుమ్మం స్లాబును దాటి పైకి పొడుచుకొస్తుంది. వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే: కొత్త గది ఎత్తును ఒక స్థిరమైన మట్టంగా ప్రకటించకుండా, పాత ఇంటి లెవెల్ మీదనే గీసి, ఒక్కొక్క వస్తువును విడివిడిగా పైకి జరపడం. ఆ అలవాటు పోతే సగం చిక్కులు పుట్టనే పుట్టవు. మిగిలినవి సాఫ్ట్‌వేర్ తప్పులు కావు. కట్టడంలో నిజంగా ఉన్న ఇబ్బందులనే మోడల్ ముందుగా చూపిస్తున్నదని గ్రహించి వాటిని సరిచేసుకోవాలి.

వివరణ కోసం ఒక నమూనా ఇంటిని తీసుకుందాం. పాత ఇంటి గచ్చును సున్నా అనుకుందాం. సిమెంటు రోడ్డు మీద మళ్ళీ రోడ్డు వేయడం వల్ల వీధి మట్టం గచ్చు కన్నా 6 అంగుళాలు పైన ఉంది. పెరటి నేల గచ్చు కన్నా 1 అడుగు కింద ఉంది. గోడ మీది నీటి మరక గచ్చుకు 4 అడుగుల ఎత్తున ఉంది. పాత స్లాబు పై మట్టం 10 అడుగులు, మందం 5 అంగుళాలు. కొత్త గది లోకొలతలు 12 అడుగులు, 15 అడుగులు. దాని గచ్చు 5 అడుగుల ఎత్తున రావాలి, స్లాబు పై మట్టం 15 అడుగులకు రావాలి. ఇకపై చెప్పే లెక్కలన్నీ ఈ ఇంటివే.

మోడల్‌లో సరిపోయిన ఎత్తులు స్థలం దగ్గర సరిపోవడం లేదు

ఇది మొదట చూడవలసిన లక్షణం, ఎందుకంటే ఇక్కడ తేడా ఉంటే తక్కిన సవరణలన్నీ వృథా. కారణం దాదాపు ఎప్పుడూ కొలతలు తీసిన తీరులోనే ఉంటుంది. ఒకరు వీధి నుండి కొలుస్తారు, మరొకరు పెరటి నేల నుండి, యజమాని గుమ్మం మెట్టు నుండి చెబుతారు. మూడు సున్నాలతో వచ్చిన అంకెలను ఒకే మోడల్‌లో పెడతాం. నీటి మరక విషయంలో ఇది మరీ ప్రమాదకరం, ఎందుకంటే వీధి నుండి కొలిచిన మూడున్నర అడుగులు, గచ్చు నుండి కొలిచిన 4 అడుగులు ఒకే గీత.

పాత ఇంట్లో పడగొట్టని గోడ ఒకటి ఎంచి, దాని మీద గచ్చుకు సరిగ్గా 3 అడుగుల ఎత్తున ఒక గుర్తు పెట్టించండి. మేస్త్రీ నీళ్ళ ట్యూబుతో ఆ గుర్తును వీధి వైపుకు, పెరటి వైపుకు, నీటి మరక ఉన్న గోడకు చేర్చి, ప్రతి చోటా గుర్తుకు ఎంత పైన, ఎంత కింద అన్నది రాయించండి. పాత గచ్చు కూడా అంతటా ఒకే మట్టంలో ఉండదు. నల్లరేగడి నేల ఎక్కువగా ఉన్న గుంటూరు వైపు పాత ఇళ్ళలో ఒక మూలకూ మరొక మూలకూ మధ్య తేడా రావడం మామూలే. కాబట్టి నాలుగు మూలలా చూసి, కొత్త గదికి దారి తీసే గుమ్మం దగ్గరి గచ్చునే సున్నాగా స్థిరపరచండి. రెవిట్‌లో ప్రాజెక్ట్ బేస్ పాయింట్ (మోడల్ కొలతలకు మూల బిందువు) ఎత్తు ఆ సున్నాయే కావాలి.

కొత్త గది పాత గచ్చు మీదే కూర్చుంటోంది, లేదా గోడలు పైకి వెళ్ళి గచ్చు కిందనే ఉండిపోతోంది

గోడ, గచ్చు, కిటికీ, పిల్లర్ ఏదైనా రెవిట్‌లో ఒక లెవెల్‌ను, అంటే ఎత్తును చూపే ఒక మట్టం గీతను, పట్టుకొని ఉంటుంది. పాత ఇంటి ప్లాన్ తెరిచి అందులోనే కొత్త గది గీస్తే, అన్నీ సున్నా లెవెల్‌ను పట్టుకుంటాయి. అప్పుడు గోడల బేస్ ఆఫ్‌సెట్ (లెవెల్ నుండి ఎంత పైకి అన్న అంకె) 5 అడుగులు, గచ్చుకు హైట్ ఆఫ్‌సెట్ 5 అడుగులు, కిటికీల సిల్ హైట్ (కిటికీ అడుగు ఎత్తు) 8 అడుగులు అని చేత్తో నింపుకుంటూ పోతాం. యజమాని వచ్చి ఇంకో అర అడుగు పెంచమంటే ఆ అంకెలన్నీ మళ్ళీ మార్చాలి; అందులో ఒకటి మరిచిపోవడం ఖాయం.

ఇంటిని పక్క నుండి చూపే ఏదైనా ఎలివేషన్ వ్యూ తెరిచి, 5 అడుగుల ఎత్తున కొత్త లెవెల్ గీసి, దానికి "కొత్త గది గచ్చు" అని పేరు పెట్టండి. అలాగే పెరటి నేల, వీధి, నీటి మరక, పాత స్లాబు పైభాగం, కొత్త స్లాబు పైభాగం కూడా లెవెల్స్‌గా ఉండాలి. నీటి మరకకు లెవెల్ దేనికని కొందరు అడుగుతారు. ప్రతి సెక్షన్‌లోనూ (నిలువు కోతలోనూ), ప్రతి ఎలివేషన్‌లోనూ ఆ గీత దానంతట అదే కనబడుతుంటే, స్విచ్ బోర్డు ఎక్కడ పెట్టాలో, ఏ కిటికీ ఎంత ఎత్తున ఉండాలో ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడే గీత అదే.

లెవెల్‌ను కాపీ చేసి పెడితే దానికి ప్లాన్ వ్యూ రాదు. లెవెల్ తల నీలంగా కాక నల్లగా కనిపించడం దానికి గుర్తు. వ్యూ ట్యాబ్‌లోని ఫ్లోర్ ప్లాన్ ఆదేశంతో ఆ ప్లాన్ తెప్పించుకోవాలి. తరువాత కొత్త గది గోడలన్నిటినీ కలిపి ఎంచి, బేస్ కన్‌స్ట్రెయింట్‌ను (గోడ అడుగు పట్టుకునే లెవెల్‌ను) "కొత్త గది గచ్చు"కూ, టాప్ కన్‌స్ట్రెయింట్‌ను కొత్త స్లాబు లెవెల్‌కూ మార్చి, ఆఫ్‌సెట్లు సున్నాకు వచ్చాయో లేదో తప్పక చూడండి. పాత ఆఫ్‌సెట్ మిగిలిపోతే గది 5 అడుగులకు బదులు 10 అడుగులకు లేస్తుంది. పని సరిగా కుదిరిందా అని చూడటానికి ఒక పరీక్ష ఉంది: ఆ లెవెల్‌ను అర అడుగు పైకి జరపండి. గచ్చు, గోడలు, కిటికీలు అన్నీ కలిసి కదలాలి. ఏది వెనుకబడితే అది ఇంకా పాత లెవెల్‌ను పట్టుకొని ఉన్నట్టే.

ప్లాన్‌లో కొత్త గది కిటికీలు కనబడవు. కనబడేటట్టు చేస్తే పాత ఇంటివి పోతున్నాయి

ఫ్లోర్ ప్లాన్ అంటే ఇంటిని ఒక ఎత్తున అడ్డంగా కోసి పై నుండి చూడటం. రెవిట్ ఆ కోతను మామూలుగా లెవెల్‌కు 4 అడుగుల ఎత్తున పెడుతుంది. పాత ఇంటికి అది సరిగ్గా కిటికీల మధ్య నుండి పోతుంది. కొత్త గది గచ్చే 5 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి, అదే కోత కొత్త గది గచ్చుకు 1 అడుగు కిందుగా, పునాది గోడల గుండా పోతుంది. కొత్త లెవెల్ ప్లాన్‌కు వెళితే కోత 9 అడుగుల ఎత్తున పడి, పాత ఇంటి గుమ్మాల పైన, స్లాబుకు కాస్త కింద పోతుంది. అప్పుడు పాత గోడలు ఎక్కడా సందు లేకుండా నిండుగా కనిపిస్తాయి.

పాత లెవెల్ ప్లాన్‌నే ముఖ్య ప్లాన్‌గా ఉంచుకొని, వ్యూ ట్యాబ్‌లోని ప్లాన్ రీజియన్ ఆదేశంతో కొత్త గది చుట్టూ మూసిన గీత గీయండి. ఆ రీజియన్ వ్యూ రేంజ్‌లో (ప్లాన్ చూపే ఎత్తుల హద్దుల్లో) కట్ ప్లేన్‌ను, అంటే కోత ఎత్తును, పాత లెవెల్ నుండి 9 అడుగులకు పెంచండి. టాప్ విలువ కట్ ప్లేన్ కన్నా తక్కువ ఉండటానికి వీల్లేదు గనుక ముందు టాప్‌ను 12 అడుగులకు పెంచి, ఆ తరువాతే కట్ ప్లేన్ మార్చితే హెచ్చరిక రాదు. బాటమ్‌ను సున్నా దగ్గరే ఉంచితే, తరువాత చెప్పబోయే మెట్ల గుంట అడుగు కూడా అదే ప్లాన్‌లో కనిపిస్తుంది.

రీజియన్ గీత పాత గోడ మధ్య నుండి పోనీయకండి. పాత గోడకు కొత్త గది వైపున్న ముఖం వెంబడి గీయండి. అప్పుడు ఆ గోడలోని గుమ్మం పాత కోతలోనే ఉండి మామూలుగా కనిపిస్తుంది. రెండు రీజియన్లు ఒకదానిమీదొకటి పడకూడదు. షీట్ మీద పెట్టేముందు విజిబిలిటీ గ్రాఫిక్స్‌లో రీజియన్ గీతలను ఆపివేయండి, లేకపోతే మేస్త్రీ దాన్ని కట్టవలసిన గోడ అనుకునే అవకాశం ఉంది.

రెండింటినీ కలిపే గుమ్మం పాత స్లాబును దాటి పైకి వస్తోంది

ఈ లక్షణం కనిపిస్తే దాన్ని సాఫ్ట్‌వేర్‌లో సర్దుబాటు చేయాలని చూడకండి. మోడల్ చెబుతున్నది నిజం.

కొత్త లెవెల్ ప్లాన్‌లో నిలబడి పాత గోడలో 7 అడుగుల గుమ్మం పెట్టామనుకోండి. దాని అడుగు 5 అడుగుల దగ్గర, తల 12 అడుగుల దగ్గర ఉంటుంది. పాత గోడ 10 అడుగుల దగ్గరే ఆగిపోయింది. ప్లాన్‌లో మాత్రం గుమ్మం చక్కగా, రెక్క తెరుచుకున్నట్టు కనిపిస్తుంది; అందువల్లనే ఈ తప్పు చాలాసార్లు ప్లాన్ దశలో ఎవరి కంటా పడదు. సెక్షన్ గీస్తే అసలు సంగతి బయటపడుతుంది. పాత హాలులోనే మెట్లు పెట్టి 5 అడుగులు ఎక్కితే, పాత స్లాబు అడుగు 9 అడుగుల 7 అంగుళాల దగ్గర ఉంది గనుక, తలకు మిగిలేది 4 అడుగుల 7 అంగుళాలు మాత్రమే. వంగితే తప్ప పోలేని దారి అది.

గచ్చు ఎత్తు తగ్గించమని యజమాని అడగవచ్చు. 3 అడుగులకు తగ్గిస్తే దారి కొంత కుదురుతుంది గాని, గచ్చు నీటి మరక కిందికి పోతుంది. ఏ పని కోసం గది కడుతున్నామో ఆ పనే పోతుంది. సాధారణ పరిస్థితుల్లో గచ్చు చుట్టుపక్కల నేల కన్నా 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర ఎత్తున ఉంటే చాలని 2016 నాటి జాతీయ భవన నియమావళి చెబుతుంది. నీళ్ళు నిలిచిన వీధిలో మాత్రం నిర్ణయించవలసింది గోడ మీది మరకే.

సరైన పరిష్కారం, గుమ్మాన్ని పాత గచ్చు మట్టంలోనే ఉంచి, మెట్లను కొత్త గది వైపుకు తీసుకుపోవడం. గుమ్మం దాటగానే పాత మట్టంలోనే 3 అడుగుల చదరం ఒకటి, అక్కడి నుండి పాత గోడ వెంబడి మెట్లు. 5 అడుగులంటే 60 అంగుళాలు. మెట్టుకు 6 అంగుళాల చొప్పున 10 ఎత్తులు. చివరి ఎత్తు గచ్చు మీదికే చేరుతుంది కాబట్టి పాదం పెట్టే మెట్లు 9. ఒక్కొక్కటి 11 అంగుళాల వెడల్పయితే 8 అడుగుల 3 అంగుళాలు. చదరంతో కలిపి 11 అడుగుల 3 అంగుళాల పొడవు, 3 అడుగుల వెడల్పు గల గుంట. నియమావళి ప్రకారం నివాస గృహంలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్ల దాకా పెరగవచ్చు, పాదం వెడల్పు 250 మిల్లీమీటర్ల దాకా తగ్గవచ్చు గాని, వరదప్పుడు చీకట్లో పెద్దవాళ్ళను చేయి పట్టుకొని ఎక్కించవలసిన మెట్లు ఇవి. అంగుళం కోసం కక్కుర్తి పడవలసిన చోటు కాదు.

15 అడుగుల పొడవులో 11 అడుగులు పోతే గది ఏం మిగులుతుందని యజమాని బాధపడతారు. అందులో న్యాయం ఉంది. స్థలం ఉంటే వెడల్పును 12 నుండి 15కు పెంచడం మంచిది. లేకపోతే మెట్లను గది బయట, పెరటి వైపు పెట్టాలి. కానీ అప్పుడు నీళ్ళు వచ్చినపుడు ఇంట్లోంచి బయటికి దిగి మళ్ళీ ఎక్కవలసి వస్తుంది. రెండింటినీ డిజైన్ ఆప్షన్స్‌గా (ఒకే మోడల్‌లో ప్రత్యామ్నాయాలుగా) మోడల్ చేసి యజమానికి సెక్షన్‌లో చూపించండి. ప్లాన్‌లో చూపిస్తే వారు గది విస్తీర్ణం చూసి బయటి మెట్లే ఎంచుకుంటారు. సెక్షన్‌లో నీటి మరక గీతతో సహా చూస్తే ఆలోచిస్తారు.

రెవిట్‌లో మెట్లకు బేస్ లెవెల్ పాత గచ్చు, టాప్ లెవెల్ కొత్త గచ్చు. రైజర్ల సంఖ్య 10 అని ఇచ్చి, యాక్చువల్ రైజర్ హైట్ 6 అంగుళాలు వచ్చిందో లేదో చూడండి. వేరే అంకె వస్తే లెవెల్స్‌లో ఒకటి తప్పు. మెట్ల పైకొస టాప్ లెవెల్‌ను చేరలేదన్న హెచ్చరిక వస్తే, గీసిన మెట్లు అడిగిన సంఖ్య కన్నా తక్కువ పడ్డాయని అర్థం. గచ్చు మందం విషయంలోనూ ఒక నిర్ణయం ముందే తీసుకోండి: లెవెల్ అంటే టైల్స్ పైభాగమా, కాంక్రీటు పైభాగమా అని. రెవిట్ గచ్చు మందాన్ని లెవెల్ నుండి కిందికి దించుతుంది కాబట్టి, లెవెల్‌ను టైల్స్ పైభాగంగా తీసుకుంటే అన్ని మెట్లూ ఒకే ఎత్తున వస్తాయి.

ఇంకా మూడు సంగతులు. గుంట అంచున 3 అడుగుల కటకటాలు మోడల్‌లో ఉండాలి. గుంట అడుగు సున్నా మట్టంలో ఉంది గనుక వరదలో అక్కడికి 4 అడుగుల నీళ్ళు వస్తాయి. స్విచ్ బోర్డులు, ప్లగ్గులు ఏవీ అందులో పెట్టరాదు. కొత్త గది గచ్చును గుంట ఆకారంలో కోయడం మరవకండి. కోయకపోతే త్రీడీలో మెట్లు గచ్చు కిందికి పోయి దాక్కుంటాయి.

సెక్షన్‌లో నింపుడు మట్టి పాత గోడను ఆనుకొని ఉంది

ఇది రెవిట్ హెచ్చరిక ఇవ్వని తప్పు. అయినా ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే.

ఎత్తు పెంచిన గదికి గచ్చు కింద బుసకో, గ్రావెలో నింపడం మన దగ్గర వాడుక. ఈ గదికి పెరటి నేల నుండి గచ్చు కాంక్రీటు అడుగు దాకా ఐదున్నర అడుగుల నింపుడు పడుతుంది. మెట్ల గుంటను తీసివేయకుండా లెక్కిస్తే, 12 అడుగులు, 15 అడుగుల గదికి అది 990 ఘనపుటడుగులు, అంటే దాదాపు 10 యూనిట్లు. నీళ్ళు పెట్టి దిమ్మిస్తే అణిగిపోతుంది కాబట్టి తెప్పించవలసింది ఇంకా ఎక్కువ. అంత బరువు పక్కకు తోస్తుంది. పాత ఇంటి 9 అంగుళాల ఇటుక గోడ పైకప్పు మోయడానికి కట్టినదే గాని, పక్క నుండి మట్టి తోపును ఆపడానికి కట్టినది కాదు. పైగా తడి మట్టి గోడకు ఆనుకొని ఉంటే పాత గదిలో ఏడాది పొడవునా చెమ్మ ఉంటుంది.

మోడల్‌లో ఇది కంటికి కనబడకపోవడానికి కారణం, నింపుడును ఎవరూ మోడల్ చేయకపోవడం. గచ్చును 6 అంగుళాల మందంతో గీసి, దాని కింద ఖాళీగా వదిలేస్తారు. కాబట్టి నింపుడును వేరే ఫ్లోర్ టైపుగా, దాని అసలు మందంతో మోడల్ చేయండి. యూనిట్ల లెక్క షెడ్యూల్‌లో (రెవిట్ తయారుచేసే పరిమాణాల పట్టికలో) వస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, మట్టి ఏ గోడను తాకుతున్నదో సెక్షన్‌లో తెలుస్తుంది.

మెట్ల గుంటను పాత గోడ వెంబడి పెట్టమనడానికి ఇది కూడా ఒక కారణం. ఆ 3 అడుగుల పట్టీ పాత గోడను మట్టికి దూరంగా ఉంచుతుంది. అయితే గుంటకు రెండో వైపున ఉన్న గోడ మట్టిని ఆపాలి. దాన్ని మామూలు ఇటుక గోడగా గీయకుండా, స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పిన మందంతో విడిగా ఒక గోడ టైపు చేసుకోండి. గుంట ఆగిపోయిన తరువాతి 3 అడుగుల 9 అంగుళాల మేర కూడా అదే గోడ మలుపు తిరిగి పోవాలి. చాలా మోడల్స్‌లో ఆ ముక్క మిగిలిపోతుంది.

అసలు నింపకుండా, పిల్లర్ల మీద బీములు, వాటి మీద స్లాబు వేసి, కింద ఖాళీగా వదిలే పద్ధతే ఇటువంటి వీధులకు మంచిదని నా అభిప్రాయం. ఖర్చు పెరుగుతుంది గాని, పాత గోడకు తోపు ఉండదు, నీళ్ళు వచ్చిన దారిన పోతాయి, ఆ చోటు తొందరగా ఆరుతుంది. అలా చేసేటప్పుడు గచ్చును స్ట్రక్చరల్ ఫ్లోర్‌గా మార్చి, కింద ఖాళీ ఎత్తు ఎంతో సెక్షన్‌లో రాయండి.

నేల విషయం ఒక మాట. పాత ఫైళ్ళలో ఇంటి కింద నేలను చదును చేయడానికి వాడిన బిల్డింగ్ ప్యాడ్ రెవిట్ 2024 నుండి లేదు. నేలను చూపే టోపోసర్ఫేస్ స్థానంలో టోపోసాలిడ్ వచ్చింది. నేర్చుకున్న పాఠంలో ప్యాడ్ ఉండి, మీ మెనూలో అది కనబడకపోతే కారణం అదే.

పాత గోడ, కొత్త గోడ మూలల్లో కలిసిపోతున్నాయి

రెండు గోడల కొసలు దగ్గరికి వస్తే రెవిట్ వాటిని తనంతట తానే కలుపుతుంది. కొత్త ఇంటికి అది సౌకర్యం; ఇక్కడ అది తప్పు. పాత పునాది ఎన్నో ఏళ్ళ కిందటే కుదురుకుంది, కొత్తది ఇంకా కుదురుకోవాలి. నల్లరేగడిలో వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే కదలిక కూడా ఉంటుంది. భూకంపాలను తట్టుకునే కట్టడాల గురించిన ఐఎస్ 1893 ప్రమాణం 2016 కూర్పు పటంలో విజయవాడ మూడో భూకంప మండలంలో ఉంది. ఎత్తులు వేరైన రెండు కట్టడాలు ఊగినప్పుడు వేరువేరుగా ఊగుతాయి. అందువల్ల కొత్త గదికి తన పిల్లర్లు, తన గోడ తనకే ఉండి, పాత గోడకూ దానికీ మధ్య ఇంజనీరు చెప్పినంత సందు ఉండాలి.

కొత్త గోడను ఎంచి, దాని కొసన ఉన్న నీలి చుక్క మీద కుడి క్లిక్ చేసి, డిసలౌ జాయిన్ (కలవనీయవద్దు) ఎంచుకోండి. రెండు కొసలకూ చేయాలి. ఆ తరువాత గోడను సందు మేరకు వెనక్కు జరపండి. ఇలా చేసిన వెంటనే ఇంకో లక్షణం కనిపిస్తుంది: పాత గోడలో గుమ్మం తెరుచుకొని ఉంటుంది గాని, దాని ఎదురుగా కొత్త గోడ మూసి ఉంటుంది. గుమ్మం తాను నిలిచిన గోడను మాత్రమే కోస్తుంది. కొత్త గోడకు వాల్ ఓపెనింగ్ ఆదేశంతో అదే కొలతల్లో, అదే ఎత్తున విడిగా దారి కోయండి. ఆ గోడ గుంట అడుగు దాకా, అంటే సున్నా మట్టం దాకా దిగాలి. దాని బేస్ "కొత్త గది గచ్చు" దగ్గర ఆగితే దారి కోయడానికి గోడే ఉండదు.

పెట్టిన పిల్లర్లు కనబడటం లేదు

స్ట్రక్చరల్ కాలమ్ ఆదేశం ఆప్షన్స్ బార్‌లో మామూలుగా డెప్త్ అని ఉంటుంది. అంటే పిల్లర్ ఉన్న లెవెల్ నుండి కిందికి పోతుంది. దాన్ని హైట్‌గా మార్చండి. పునాది అడుగుకు ఒక లెవెల్ పెట్టి, పిల్లర్ బేస్‌ను దానికి, టాప్‌ను కొత్త స్లాబుకు కట్టండి. పాత పునాదిని ఒక చోట తవ్వి చూసి దాని లోతు, వెడల్పు తెలుసుకొని పాత ఫుటింగ్‌నూ మోడల్‌లో పెడితే, కొత్త ఫుటింగ్ దాని కిందికి చొచ్చుకుపోతున్నదేమో అప్పుడే తెలుస్తుంది.

పైకప్పుల దగ్గర కొత్త గోడ, పాత పిట్టగోడ ఒకదానిలో ఒకటి దూరుతున్నాయి

పాత స్లాబు 10 అడుగులు, దాని మీద 3 అడుగుల పిట్టగోడ. కొత్త స్లాబు 15 అడుగులు. కొత్త గది వైపున్న పిట్టగోడను స్ప్లిట్ చేసి, ఆ ముక్కకు ఫేజ్ డిమాలిష్డ్ (ఏ దశలో పడగొట్టాలన్న) విలువ ఇవ్వండి. తొలగించి పారేస్తే పడగొట్టవలసిన పని డ్రాయింగ్‌లో కనబడదు. కొత్త సన్‌షేడ్‌లు పాత డాబా మీదికి రాకుండా చూడండి. కొత్త స్లాబు వాన నీరు పాత డాబా మీద పడకుండా, గొట్టం పెరటి వైపు దిగాలి. రెండు కట్టడాల మధ్య సందు పైన కొత్త గోడ నుండి దిగే రేకో, పలకో కప్పాలి. ఇది త్రీడీలో చేయనక్కరలేదు, సెక్షన్ మీద పెద్ద స్కేలులో ఒక డీటెయిల్ గీస్తే చాలు. అది లేకుండా ఇచ్చిన డ్రాయింగ్‌తో కట్టిన ఇంట్లో మొదటి వానకే గోడ కారుతుంది.

పాతదీ కొత్తదీ ఒకే లెక్కలో వస్తున్నాయి. గది విస్తీర్ణం తప్పుగా ఉంది

పాత ఇంటి వస్తువులన్నిటికీ ఫేజ్ క్రియేటెడ్ (ఏ దశలో కట్టినదన్న) విలువ ఎగ్జిస్టింగ్ కావాలి. షెడ్యూల్ ఫేజ్ ఫిల్టర్‌ను షో న్యూ అని పెడితే ఇటుక, కాంక్రీటు లెక్క కొత్త గదికే వస్తుంది. విస్తీర్ణంలో మెట్ల గుంట కూడా కలిసి వస్తుంటే, గుంట గోడలు గచ్చు మట్టంలోనే ఆగిపోవడం కారణం. గుంట అంచు వెంబడి రూమ్ సెపరేటర్ గీత గీస్తే సరిపోతుంది.

అంతా సరిచేశాక యజమాని గదిని ఇంకో వైపుకు మార్చమంటున్నారు

కారణం చాలాసార్లు వాస్తు. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం ఉండాలని పాటించే ఇంట్లో, ఖాళీ జాగా ఈశాన్యంలో ఉంటే 5 అడుగుల ఎత్తు గచ్చును పెద్దవాళ్ళు ఒప్పుకోరు. ఆ మాట మోడల్ మొదలుపెట్టకముందే అడిగి తేల్చుకోవడం వారిపట్ల మర్యాద కూడా. మార్చక తప్పనప్పుడు గదిని మిర్రర్ చేస్తే లెవెల్స్ నిలుస్తాయి గాని, ప్లాన్ రీజియన్, డిసలౌ జాయిన్, కొత్త గోడలోని దారి మాత్రం మళ్ళీ చూసుకోవాలి.

డ్రాయింగ్ సరిగానే ఉంది, మేస్త్రీ మాత్రం వేరే ఎత్తున కట్టారు

ఇంజనీరు మిల్లీమీటర్లలో రాస్తారు, మేస్త్రీ అడుగుల్లో కొలుస్తారు. 1500 మిల్లీమీటర్లంటే 4 అడుగుల 11 అంగుళాల పైచిలుకు; స్థలం దగ్గర అది 5 అడుగులుగా మారిపోతుంది, మెట్లలో చివరిది అంగుళం ఎక్కువవుతుంది. మోడల్‌ను మొదటి నుండీ అడుగుల్లో గుండ్రటి అంకెలతో చేసి, డైమెన్షన్ టైపులో ఆల్టర్నేట్ యూనిట్లుగా మిల్లీమీటర్లు చూపించండి. మేస్త్రీకి ఇచ్చే సెక్షన్ షీట్ మీద ఎత్తులన్నీ పాత గోడ మీద పెట్టిన 3 అడుగుల గుర్తు నుండి కూడా రాయండి: కొత్త గచ్చు గుర్తుకు 2 అడుగులు పైన, నీటి మరక 1 అడుగు పైన, గుంట అడుగు 3 అడుగులు కింద, పెరటి నేల 4 అడుగులు కింద. నీళ్ళ ట్యూబు పట్టుకున్న మనిషికి కావలసినవి ఆ అంకెలే. వీధి మీద మళ్ళీ రోడ్డు వేసినా అవి మారవు.